నాలుగు ‘ళ్ళు’లు

స్టోన్‌హౌస్‌పేట సందులో
ట్రెడిల్ మీదికి పెళ్ళిపత్రికలు కూడా రాకుండా పోయిన ఏడాది
చెంగయ్య అచ్చుల కేసులోంచి తలెత్తి అన్నాడు:
"అయ్యా, మీ పద్యానికి ‘ళ్ళు’ చాలవు.
నాలుగే ఉండాయి.
అందులో ఒకదానికి తోక విరిగింది."

నా పద్యం పెన్న మీద.
నీళ్ళు, ఊళ్ళు, కళ్ళు, వేళ్ళు, ముళ్ళు,
మళ్ళీ నీళ్ళు.
పదిహేడు చోట్ల అదే అక్షరం కావాలి.
కరెంటాఫీసులో
కట్టని బిల్లుల వెనక రాసుకున్నది, పదకొండేళ్ళు.

మాట మార్చండి అన్నాడు.
నీరు అనండి, కన్ను అనండి, ఏం పోయింది?
నీరు వేరు చెంగయ్యా, నీళ్ళు వేరు.
నీరు గ్రంథంలో ఉంటుంది.
నీళ్ళు బిందెలో ఉంటాయి.

హజరత్తమ్మ స్టూలు మీద కూచుని వింటా ఉంది.
మునిసిపల్ బడిలో డ్రాయింగ్ టీచరు.
పగలు పిలకాయలకు బాతూ జెండా మామిడిపండూ నేర్పి
రాత్రి ఇంట్లో
ఏ ఆకారానికీ లొంగని రంగులు వేసుకుంటుంది.
ఈ పుస్తకం ఆమె ఆలోచనే:
మడతలు మడతలుగా ఒకటే కాగితం,
విప్పితే నాలుగు బారలు,
పన్నెండు ప్రతులు, ఏ రెండూ ఒకటి కాకుండా.
నది గురించి రాసి కుట్టు ఎందుకబ్బా అంది.

ఇప్పుడు అంది:
"లేని చోట ఖాళీ వదిలెయ్ చెంగయ్యా.
నేను చూసుకుంటా."

    నీ              వచ్చే దారిలో
    ఊ              నిద్రపోతాయి
    క              మాత్రం

ఇట్లా అచ్చయింది.
ఉన్న నాలుగూ ఎక్కడ ఖర్చు పెట్టాలో
మూడు రోజులు తేల్చుకోలేకపోయాను.
తోక విరిగినదాన్ని ముళ్ళకిచ్చాను.

ఖాళీల్లో నీలం పోస్తుందనుకున్నా.
"పెన్నలో నీలం ఎప్పుడు చూశావు?"
ఇటుక పొడి వేసింది,
సంగం ఆనకట్ట తలుపుల తుప్పు వేసింది.
ఊళ్ళు ఉండాల్సిన చోట పసుపు,
అంచు లేకుండా పక్క మాటలోకి కారిపోతూ.
కళ్ళ చోట మాత్రం ఏ రంగూ లేదు.
కాగితాన్ని తడిపి, ఆరబెట్టి, వదిలేసింది.
అక్కడ రోంత ఉబ్బి ఉంటుంది, తాకితే తెలుస్తుంది.

ఇసుక మీద వెన్నెల దుప్పటి అని
నాకిష్టమైన పోలిక ఒకటి ఉండేది.
దాని మీద నల్లరంగు బ్రష్ లాగేసింది.
"నువ్వే చెప్పేశాక నేనెందుకు?"
వారం రోజులు మాట్లాడుకోలేదు.
తొమ్మిదో రోజు వెళ్ళి చూశాను.
దుప్పటి కింద కంటే
నలుపు కిందే ఇసుక ఎక్కువ ఉంది.
ఆ సంగతి ఆమెతో ఇప్పటికీ అనలేదు.

పాటూరులో వాళ్ళింటి ముందు
పొద్దున్నే పడుగు సాగదీసే వీధిలో
మొదటి ప్రతిని చెరోకొస పట్టుకుని విప్పాం.
గంజి బ్రష్షుతో పోతున్న నేతాయన ఆగి
"ఏ చీరకమ్మా ఈ రంగులు?" అన్నాడు.
జవాబు ఎవరికీ తోచలేదు.

వాళ్ళమ్మ అరుగు దిగి వచ్చింది.
సైదాపురం గనుల్లో
ముప్పయ్యేళ్ళు అభ్రకం పొరలు తీసిన మనిషి, చదువు రాదు.
రంగులో కూతురు కలిపిన మెరుపు పొడిని గుర్తుపట్టి
"ఈ చెత్త ఇంట్లోకి మళ్ళీ తెచ్చావా" అని తిట్టింది.
తర్వాత బొటనవేలి గోటితో
కాగితం అంచును మెల్లగా గీకి, వెలుగుకెత్తి చూసి,
"ఇంకో పొర వస్తుందే దీనికి" అంది.

అయిదు ప్రతులు అమ్ముడయ్యాయి.
ఎవరైనా చదివి వినిపించమంటే
ఖాళీ దగ్గర ఆగుతాను.
ఎంతసేపు అనేది ఏ ప్రతికి ఆ ప్రతే చెబుతుంది.
గుక్క తిప్పుకుంటున్నాననుకుని
మొన్నొకాయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

నాలుగు అచ్చులూ కేసులోకి వెళ్ళిపోయాయి.
పోయిన నెల ట్రంకురోడ్డులో
నా చేతిలో ఎవరో కరపత్రం పెట్టారు:
ఇళ్ళు అమ్మబడును.
తోక విరిగిన ఆ ‘ళ్ళు’ దగ్గర,
ఎండలో కాస్త వంచితే,
మెరుస్తా ఉంది.